ముందు లైను, తర్వాత రాడ్డు, రీలు చివర

ఈ మధ్య పెన్సిల్వేనియాలో మన తెలుగు పిల్లలకు ఫ్లై ఫిషింగ్ మీద మోజు పుట్టింది. సంతోషం. వారమంతా కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళు శనివారం పూట మోకాటి లోతు నీళ్ళలో నిలబడతామంటే నేనెందుకు కాదంటాను? కానీ నా దగ్గరికొచ్చి అడిగేది మాత్రం ఒక్కటే. "అంకుల్, రీలు ఏది కొనమంటారు?" వాగులో నీళ్ళెలా ఉన్నాయని అడగరు, చేప ఏం తింటుందని అడగరు. రీలు! ఫోనులో బొమ్మ కూడా చూపిస్తారు. నీలం రంగుది, ఎర్ర రంగుది, చిల్లులు చిల్లులుగా కోసిన అల్యూమినియంది. ఆ ధరకి, నేను చదువుకోసం స్టేట్ కాలేజీ ఊరికి వచ్చిన 1970ల్లో, ఇద్దరం కుర్రాళ్ళం నెలంతా అద్దె కట్టుకుని అన్నం వండుకు తిన్నాం.

ఒరే నాయనా, ట్రౌట్ చేప కోసం అయితే రీలు గాలిపటం దారం చుట్టే చరకా లాంటిది. లైను చిక్కు పడకుండా ఉండడానికి తప్ప దానితో పెద్ద పని లేదు. చేప పడ్డాక లైనును ఎడంచేత్తో గుప్పెడు గుప్పెడు లాక్కుంటాం. సముద్రంలో బోన్‌ఫిష్ పట్టేవాడికి, పెద్ద సాల్మన్ కోసం వెళ్ళేవాడికి మంచి బ్రేకున్న రీలు కావాలి, ఎందుకంటే ఆ చేప వంద గజాలు పరిగెడుతుంది. మా ఊరి పక్క స్ప్రింగ్ క్రీక్ వాగులో జానెడు, జానెడున్నర చేప ఎక్కడికి పరిగెడుతుంది? అవతలి బండ దాకా. నా రీలు ఫ్లూగర్ మెడలిస్ట్, ఒహాయోలోని ఆక్రన్‌లో చేసింది, నా చేతికి వచ్చేటప్పటికే పాతది. తిప్పితే కటకటమంటుంది. ఇంకా అంటూనే ఉంది.

మన ఊళ్ళ గేలానికీ దీనికీ తేడా ముందు తెలియాలి. గోదావరి పంటకాలువ గట్టున మేం పట్టిన గేలం ఏమిటి? వెదురు కర్ర, నూలు తాడు, జీలుగు బెండు, కొక్కేనికి పెరట్లో తవ్విన ఎర్ర. కాస్త సీసం కడితే ఆ బరువుకే తాడు వెళ్ళి నీళ్ళలో పడేది. బెండు మునిగిందా, లాగడమే. జెల్లో, ఇంగిలాయో, మట్టగిడసో వచ్చి గట్టు మీద తపతపా కొట్టుకునేది. కొర్రమీను పడితే ఆ కబురు వీధి చివరిదాకా పోయేది. కొక్కెమూ సీసమూ మాత్రమే కొట్లో కొనేవాళ్ళం. మిగతావన్నీ చెట్టూ చేమా ఇచ్చినవే.

ఇక్కడి ఫ్లైకి బరువే లేదు. ఈకా దారమూ చుట్టిన ఉత్తుత్తి పురుగు, ఊదితే ఎగిరిపోతుంది. అలాంటిదాన్ని ముప్పై అడుగుల అవతల చేప నెత్తి మీద మెల్లగా దించాలంటే, విసరాల్సింది లైనును. లావుపాటి లైను బరువుకి రాడ్డు వంగుతుంది. వంగిన రాడ్డు సర్దుకుంటూ లైనును తోస్తుంది. లైను వెంట పురుగు పోతుంది. అందుకే రాడ్డు మీద నంబరు వేస్తారు. 5 అంటే ఐదో నంబరు లైనుకు తయారైన రాడ్డని. ఆ లైను మొదటి ముప్పై అడుగులు తూస్తే 140 గ్రెయిన్లు, మన లెక్కలో ముప్పాతిక తులం పైచిలుకు. ఈ ఆట అంతా ఆ ముప్పాతిక తులం మీదే నడుస్తుంది. మరి డబ్బు దేనిమీద పెట్టాలి? లైను మీద. దీనికి కాలిక్యులేటరు అక్కర్లేదు.

లైన్ల విషయంలోనూ మా రోజులే మేలు. మేం డబుల్ టేపర్ లైను వాడేవాళ్ళం. రెండు కొసలూ సన్నగా, నడుమ లావుగా ఉంటుంది. నాలుగైదేళ్ళకి ఒక కొస పగిలి, నీళ్ళు పీల్చి, మునగడం మొదలెట్టగానే విప్పి తిరగేసి చుట్టేవాళ్ళం. మళ్ళీ కొత్త లైనే. ఒక లైను డబ్బుకి రెండు లైన్లు! ఇప్పుడందరూ వెయిట్ ఫార్వర్డ్ కొంటున్నారు. బరువంతా ముందు కొసనే ఉంటుంది, కాబట్టి అది అరిగిందంటే ఇక తిరగేసి లాభం లేదు, పారేయడమే. దూరం విసరడానికి అది సులువని చెబుతారు, నిజమే. కానీ మన వాగుల్లో దూరం ఎవడికి కావాలి? ముప్పై అడుగుల్లోపల చేపలున్నాయి, వాటిని తొక్కుకుంటూ వెళ్ళి నడిమధ్యన నిలబడి అరవై అడుగులు విసురుతారు.

నాకు ఇదంతా నేర్పిన పెద్దాయన యూనివర్సిటీ వర్క్‌షాపులో లేతు మీద పనిచేసేవాడు. ఆయనది పట్టు లైన్ల కాలం. పొద్దున్నే కొవ్వు రాస్తేగాని ఆ లైను తేలదు. సాయంత్రం విప్పి, కుర్చీ వీపుకి చుట్టి ఆరబెట్టకపోతే కుళ్ళిపోతుంది. 1950ల్లో మిషిగన్‌లోని సైంటిఫిక్ యాంగ్లర్స్ వాళ్ళు ప్లాస్టిక్ పూత లైన్లు తెచ్చాక ఆ బాధ తప్పింది. ఆయన మాత్రం దాన్ని బాధ అనేవాడు కాదు. లైను ఆరబెట్టే ఓపిక లేనివాడికి చేప పట్టే ఓపిక ఎక్కడిదని గొణిగేవాడు. నా ప్లాస్టిక్ లైను చూసినప్పుడల్లా మొహం చిట్లించేవాడు. ఆయన మాట నేను వినలేదు. నా మాట మీరు వినడంలేదు.

రాడ్డుకొద్దాం. అమెరికావాళ్ళ గొప్ప రాడ్లు కూడా ఒకప్పుడు వెదురువే. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి టాంకిన్ వెదురు తెప్పించి, దాన్ని ఆరు బద్దలుగా చీల్చి, చిత్రిక పట్టి, మళ్ళీ ఒక్కటిగా అంటించేవారు. 1950లో చైనాతో వ్యాపారం ఆపేయడంతో వెదురు రావడం ఆగింది. అప్పటికే వచ్చిన ఫైబర్‌గ్లాస్ ఆ చోటు ఆక్రమించింది. నా మొదటి రాడ్డు అదే రకం, పసుపు రంగు ఈగిల్ క్లా ఫెదర్‌లైట్. చదువుకునేవాడు కొనగలిగిన ధర. దాని వంపు పిడి దాకా వచ్చేది. వెనక్కి విసిరిన లైను గాలిలో నిటారు కాగానే అరచేతికి ఒక లాగుడు తెలిసేది. "ఇప్పుడు" అని అదే చెప్పేది. ఇక ముందుకు తోయడమే. 1970ల్లో ఫెన్‌విక్ వాళ్ళు గ్రాఫైట్ రాడ్డు తెచ్చారు. తేలిక, బిగువు. అక్కణ్ణుంచి మొదలైంది వేగం పిచ్చి. ఇప్పటి ఖరీదైన రాడ్లు కొస దగ్గర తప్ప వంగవు. చెయ్యి తిరిగినవాడి చేతిలో అవి అద్భుతాలు. కొత్తవాడికి మాత్రం అవేమీ చెప్పవు. వాడు తొందరపడి ముందుకి కొడతాడు, వెనక లైను ఫట్టుమంటుంది, ఫ్లై తెగి చెట్టుమీదికి పోతుంది. అప్పుడు రాడ్డు మంచిది కాదంటూ ఇంకో రాడ్డు కొనుక్కొస్తాడు.

ఈ ధరల వరద 1992 నుంచి అని నా నమ్మకం. నార్మన్ మెక్లీన్ 1976లో రాసిన 'ఎ రివర్ రన్స్ త్రూ ఇట్'ని రాబర్ట్ రెడ్‌ఫర్డ్ 1992లో సినిమా తీశాడు. పుస్తకం గొప్పది, మొంటానా నది మీద ఒక తండ్రి, ఇద్దరు కొడుకుల కథ. సినిమా చూసినవాళ్ళు మాత్రం కథను వదిలేసి టోపీలూ రాడ్లూ పట్టుకున్నారు. అంతకుముందు కొట్లో పురుగుల మందూ, తుపాకీ గుళ్ళూ, ఫ్లైలూ ఒకే బల్ల మీద ఉండేవి. కొట్టువాడు వాగు సంగతి చెప్పాకే సరుకు చూపించేవాడు. ఆ తర్వాత అన్నీ అద్దాల బీరువాల్లోకి చేరాయి. ఇప్పుడు ఖరీదైన రాడ్డు ఒక్కటే వెయ్యి డాలర్లు దాటింది, అదీ రీలు కాకుండా.

ఈకల సంగతీ అంతే. నేను మొదట వెళ్ళిన కొట్లో గోడకు కోడి మెడల తోళ్ళు వేలాడుతుండేవి, పైన "ఇండియన్ నెక్" అని చీటీ. ఆ రోజుల్లో ఫ్లైలు కట్టడానికి మన దేశం నుంచి ఆ తోళ్ళు వచ్చేవి. వాళ్ళు వాటిని గోధుమరంగు, నలుపు, తెలుపు అని ఏరుకుంటుంటే నేను పక్కన నిలబడి ఇది డేగ, ఇది కాకి, ఇది సేతువ అని లోలోపల పేర్లు పెట్టుకున్నాను. సంక్రాంతి బరుల దగ్గర పెరిగినవాడికి ఈకలు ఎవరు నేర్పాలి? ఒక తోలుతో శీతకాలమంతా ఫ్లైలు కట్టుకునేవాళ్ళం. తర్వాత ఇక్కడే ప్రత్యేకంగా కోళ్ళను పెంచడం మొదలుపెట్టారు. ఈకలు పొడుగ్గా, నిగనిగలాడుతూ వస్తాయి. ధర కూడా అలాగే నిగనిగలాడుతుంది. 2011లో ఆడపిల్లలు ఆ ఈకలు జుట్టులో పెట్టుకునే ఫ్యాషనొకటి బయల్దేరింది. బ్యూటీ పార్లర్లవాళ్ళు కొట్లు ఊడ్చుకుపోయారు, మాకు ఒక ఈక దొరికితే ఒట్టు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

ఏం కొనాలో చెప్పకుండా ఈ గోలంతా దేనికంటావు. చెబుతాను. తొమ్మిది అడుగుల రాడ్డు, ఐదో నంబరు, నడుమ దాకా వంగే రకం. వాళ్ళ భాషలో మీడియం యాక్షన్ అని అడుగు. నాలుగు ముక్కలుగా విడేది తీసుకో. మా రోజుల్లో రెండు ముక్కలే, కారులో ఒక మూల నుంచి ఇంకో మూలకి అడ్డం పడేది, ఈ ఒక్క విషయంలో మీదే సుఖం. రాడ్డు, రీలు, లైను, కింద చుట్టే బ్యాకింగ్, కొసకి కట్టే సన్నటి లీడరు అన్నీ కలిపి అమ్మే సెట్లున్నాయి. 150 నుంచి 250 డాలర్లలో మంచివే వస్తాయి. ఇక్కడ ఒక మాట ఒప్పుకోక తప్పదు. ఈ రోజు ఆ ధరకి వచ్చే గ్రాఫైట్ రాడ్డు, నా కుర్రతనంలో షావుకార్లు కొన్న రాడ్ల కంటే తేలిక, తిన్నన, గట్టి. చేత్తో పట్టుకుని చూశాను కాబట్టి చెబుతున్నాను. ఒప్పుకోవడం నాకేమీ బాగాలేదు.

సెట్లో మోసం ఎక్కడుందంటే లైనులో. మరీ చవక సెట్లలో లైను తీగలా ముడుచుకుపోయి ఉంటుంది, నీటిమీద చక్కగా పరుచుకోదు. అలా ఉంటే ముందు దాన్ని తీసి అవతల పారేసి, యాభై అరవై డాలర్లు పెట్టి మంచి లైను వేయించు. రీలు ఏదైనా పర్వాలేదు, పాతది చౌకగా దొరికితే ఇంకా మేలు. ఫైబర్‌గ్లాస్ రాడ్డు దొరికితే మొహమాటపడకుండా తీసుకో. అడవుల్లో చెట్లు కమ్ముకున్న చిన్న వాగులకు వెళ్ళేవాడివైతే తొమ్మిది అడుగులది కొమ్మల్లో చిక్కుకుంటుంది, ఏడున్నర అడుగులది చూసుకో. మూడో నంబరు రాడ్డు, ఏడో నంబరు రాడ్డు, ఇంకోటి, ఇంకోటి అంటూ గుత్తులుగా కొనకు. ఒక్కటే ఉంచుకుని దాని గుణం తెలిసేదాకా వాడు.

కొన్నాక వాగుకి పరిగెత్తొద్దు. ఇంటి ముందు గడ్డి ఉంది కదా, మీ అమెరికా ఇళ్ళకి అదొక్కటే కరువు లేదు. కొక్కెం లేకుండా ఊలు ముక్క కట్టి అక్కడ విసురు. గడియారంలో పది దగ్గర ఒకసారి, రెండు దగ్గర ఒకసారి చెయ్యి ఆగాలి. వెనక్కి తిరిగి చూడు, లైను పూర్తిగా సాగేదాకా ఆగు. ఆ ఆగడమే విద్య. మీకు రానిది కూడా అదే. పాట వింటూ, ఫోను చూసుకుంటూ విసురుతారు. మా స్టేట్ కాలేజీ ఊళ్ళోనే, పెన్ స్టేట్ యూనివర్సిటీలో జార్జ్ హార్వీ గారు 1947లోనే ఫ్లై ఫిషింగ్‌ని మార్కులిచ్చే తరగతి చేశారు, దేశంలో అదే మొదటిది. తర్వాత జో హంఫ్రీస్ గారు చెప్పారు. మనిషి పక్కన నిలబడి చెయ్యి పట్టుకుని సరిదిద్దితే వచ్చే విద్య ఇది. వీడియో నీ మణికట్టుని చూడలేదు. మీ ఊరి కొట్టువాణ్ణో, అలవాటున్న పెద్దవాణ్ణో అరగంట అడుగు. నన్నడిగినా వస్తాను.

ఇంకొక సంగతి, స్ప్రింగ్ క్రీక్‌లో పట్టిన చేపను వదిలేయాలి. ఎగువ నుంచి ఫ్యాక్టరీ విషం కలిసిందని 1980ల మొదట్లో అక్కడ చేపలు తీసుకెళ్ళడం ఆపించారు. తినడం మానేశాక చేపలు పెరిగాయి, ఆ నిబంధన అలాగే ఉండిపోయింది. ఊరికి ఫోను చేసి చెబితే మా అమ్మకి అర్థమయ్యేది కాదు. పట్టడం దేనికి, వదలడం దేనికి అని ఫోను పెట్టేసేది. చెయ్యి తడిపి పట్టుకుని, నీళ్ళలోనే కొక్కెం తీసి వదులు. ఫొటో కోసం ఒడ్డున పడుకోబెట్టి ఊపిరాడనివ్వకుండా చేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

లైసెన్సు తీసుకో, దానితోపాటు ట్రౌట్ పర్మిట్ వేరే కట్టాలి, మర్చిపోతారు. సీజను ఇదివరకు ఏప్రిల్ నడుమ మొదలయ్యేది. ఇప్పుడు ముందుకు జరిపి మొదటి శనివారం చేశారు, ఆ చలిలో కొత్తవాడు నేర్చుకునేదేమీ లేదు, తోసుకోవడం తప్ప. నువ్వు ఏప్రిల్ అంతా గడ్డిలోనే ఉండు. మే రెండో వారం దాటాక సాయంత్రాలు స్ప్రింగ్ క్రీక్ మీద సల్ఫర్లని లేతపసుపు పురుగులు లేస్తాయి. పదహారో నంబరు ఫ్లైలు ఓ అరడజను తెచ్చుకో, అన్నిట్నీ చెట్లకి కట్టకపోతే సరిపోతాయి.