ఓడ మనకోసం ఆగుతుందిలెండి!

క్రూజ్ టికెట్లు బుక్ చేసిన సంబరం ఇంట్లో ఓ వారం ఉంటుంది. ఆ తర్వాత పంచాయితీ మొదలవుతుంది. రేవులో దిగాక ఊరు చూడ్డానికి ఓడవాళ్లు అమ్మే టూర్ కొనాలా, మనమే బయట బండి మాట్లాడుకోవాలా? దీనిమీద తెలివైన సలహాలకు కొదవలేదు. అవి పాటించినవాళ్లు చూడాలనుకున్నవన్నీ చూసి, వేళకు ఓడెక్కి, కడుపునిండా తిని పడుకుంటారు. ఊరికి తిరిగొచ్చాక చెప్పుకోడానికి వాళ్ల దగ్గర ఒక్క కథ కూడా ఉండదు. మీకా గతి పట్టకూడదనే ఈ సూచనలు.

మూలసూత్రం ఒక్కటే, బట్టీ పట్టండి. రేవు ఊరి నడిబొడ్డున ఉంటే ఓడవాళ్ల టూరే కొనాలి. ఊరు రేవుకు ఎంతో దూరంలో ఉంటే సొంతంగా వెళ్లాలి.

సింగపూర్‌లో ఎక్కే ఓడలు కొన్ని పెనాంగ్‌లో ఆగుతాయి. అక్కడి స్వెట్టెన్‌హామ్ రేవు జార్జ్‌టౌన్‌ను ఆనుకునే ఉంది. గేటు దాటితే నాలుగడుగుల్లో ఫోర్ట్ కార్న్‌వాలిస్, ఇంకాస్త నడిస్తే పాత వీధులు. అందుకే అక్కడ తప్పకుండా బస్సు టూర్ కొనండి. నంబరున్న స్టిక్కరు చొక్కాకు అంటించుకుని, నలభైమందీ ఎక్కేదాకా ఏసీలో కూచోండి. నడిచినవాళ్లు ఈపాటికి కోట చూసేసి, కాఫీ తాగేసి ఉంటారు, పాపం. గ్రీస్‌లో పిరియస్ కూడా ఇలాంటిదే. ఏథెన్స్ పది కిలోమీటర్లు, రేవు దగ్గరి స్టేషన్లో మెట్రో ఎక్కితే అక్రోపోలిస్ కింద మొనస్తిరాకిలో దింపుతుంది. ఆ మెట్రో వైపు కన్నెత్తి చూడకండి.

ఇక దూరపు ఊళ్లు. ఇక్కడ బ్రోషర్ మీకు ఎంతో సాయం చేస్తుంది, దాన్ని అక్షరం పొల్లుపోకుండా నమ్మండి. అందులో ‘రోమ్’ అని ఉంటుంది. ఓడ ఆగేది రోమ్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని చివితావెక్కియాలో. హైదరాబాద్ అని చెప్పి నార్కట్‌పల్లిలో దింపడమన్నమాట. ‘ఫ్లోరెన్స్’ అంటే లివోర్నో, దాదాపు 90 కిలోమీటర్లు. ‘పారిస్’ అంటే లె హావ్ర్, 200 కిలోమీటర్లు. ‘కైరో’ అంటే అలెగ్జాండ్రియా, 220 కిలోమీటర్లు. ‘బెర్లిన్’ అంటే బాల్టిక్ ఒడ్డున ఉన్న వార్నెముండె, వెళ్లడానికే రైల్లో మూడు గంటలు. నౌకాయాన కంపెనీలు అబద్ధమేమీ ఆడవు. పెద్దక్షరాలతో రోమ్ అని వేసి, పక్కన చిన్నక్షరాలతో రేవు పేరు కూడా వేస్తాయి. చిన్నక్షరాలు చదవడం అనుమానపు మనుషుల లక్షణం.

రోమ్ రోజును ఎలా పాడుచేసుకోవాలో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ అవకాశాలెక్కువ. ఓడ పొద్దున ఏడుకు ఆగి రాత్రి ఏడుకు కదులుతుందనుకోండి. పన్నెండు గంటలు చేతిలో ఉన్నాయని లెక్కేయండి. ఆల్ అబోర్డ్ వేళ, అంటే అందరూ ఓడెక్కి తీరాల్సిన గడువు, బయల్దేరే వేళకు అరగంటో గంటో ముందే ఉంటుందన్న సంగతి లెక్కలోకి తీసుకోకండి. ఓడ దిగడానికి వరస, రేవు గేటు దాకా షటిల్ బస్సు, అక్కణ్ణుంచి స్టేషను, ప్లాట్‌ఫాం మీద నిరీక్షణ, రైల్లో ఇంచుమించు గంట. ఇవన్నీ కలిపి ‘ఓ గంట’ అని వాట్సాప్ గ్రూపులో రాయండి. తిరుగు ప్రయాణం అంతకంటే త్వరగా అయిపోతుందని కూడా రాయండి, ఎవరూ కాదనరు. ఇటలీలో రైల్వే సమ్మెలు ముందే ప్రకటించి మరీ చేస్తారు. ఆ ప్రకటనలు వెతకడం అపశకునం.

వాటికన్ మ్యూజియంలకు ఆదివారం వెళ్లండి. నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసే ఉంటాయి కాబట్టి తోపులాట ఉండదు. చివరి ఆదివారమైతే ప్రవేశం ఉచితం, మధ్యాహ్నం దాకానే. ఊరంతా అక్కడే ఉంటుంది, మీరూ ఆ వరసలో చేరండి. పిల్లల్ని షార్టుల్లో తీసుకెళ్తే సెయింట్ పీటర్స్ గుమ్మం దగ్గర ఆపేస్తారు. మోకాళ్లూ భుజాలూ కప్పుకుని ఉండాలన్నది అక్కడి నియమం. కొలోసియం టికెట్టు పేరు మీద ఇస్తారు, గేటు దగ్గర గుర్తింపుకార్డు అడుగుతారు. అందుకే ఒకరి పేరుతో కొని ఇంకొకర్ని పంపడం మంచిది.

ఈ గొడవంతా తప్పించే పిరికి మార్గం ఒకటుంది, దాని జోలికి పోవద్దు. ఓడవాళ్లు చాలా దూరపు రేవుల్లో కేవలం బస్సు సీటు అమ్ముతారు. పొద్దున రోమ్‌లో దింపి, సాయంత్రం అదే చోట ఎక్కించుకుంటారు. మధ్యలో గైడు ఉండడు, జెండా ఉండదు, మీ ఇష్టం వచ్చినట్టు తిరగొచ్చు. తిరుగుదారిలో ఆ బస్సు ట్రాఫిక్‌లో చిక్కుకుంటే చింత ఓడవాళ్లదే. పూర్తి టూర్ కంటే ఖర్చు తక్కువ. ఇంత సుఖంగా ఉండేదాంట్లో సాహసం ఏముంది?

గడియారం విషయంలో మాత్రం ఫోన్‌ను నమ్మండి. సింగపూర్ నుంచి వెళ్లే ఓడలు ఫుకెట్‌లోనూ ఆగుతాయి. థాయ్‌లాండ్ సమయం సింగపూర్ కంటే గంట వెనక. ఓడ తన గడియారాన్ని మార్చకుండా సింగపూర్ సమయమే ఉంచుకుంటే, ఒడ్డున దిగి సిగ్నల్ అందుకున్న మీ ఫోను మాత్రం బుద్ధిగా గంట వెనక్కి తిరుగుతుంది. ఓడలో అయిదయినప్పుడు మీ చేతిలో నాలుగే. ఆ మిగిలిన గంటలో మసాజ్ చేయించుకోవచ్చు. చేతికి పాత తరహా వాచీ కట్టుకుని, దాన్ని ఓడ సమయానికి పెట్టుకుని తిరిగే ముసలాయన ఒకరు ప్రతి ఓడలోనూ ఉంటారు. ఆయన్ని చూసి నవ్వండి.

ఇంతకీ ఓడ ఆగదా అంటారా? ఓడవాళ్లు అమ్మిన టూర్ బస్సు ఆలస్యమైతే ఆగుతుంది. ఆగడానికి కుదరకపోతే తర్వాతి రేవుకు వాళ్ల ఖర్చుతోనే చేరుస్తారు. మీరు బయట మాట్లాడుకున్న బండి ఆలస్యమైతే ఆగదు. ఇందులో దయాదాక్షిణ్యాల ప్రసక్తి లేదు. ఆ బస్సు వాళ్ల సరుకు, మీ వ్యాను కాదు. ఓడను రేవు దాటించే పైలట్‌ను ఫలానా వేళకని పిలిపించి ఉంటారు, తర్వాతి రేవులో బెర్తు ఫలానా వేళకే దొరుకుతుంది. కానీ ఇదంతా తెలియనివాళ్ల మాట. మా అల్లుడు అమెరికాలో పెద్ద కంపెనీలో డైరెక్టరని గ్యాంగ్‌వే దగ్గరి సెక్యూరిటీ మనిషికి చెప్పి చూడండి. గ్యాంగ్‌వే అప్పటికే ఎత్తేసి ఉంటే కింద నుంచి అరిచి చెప్పండి. పై డెక్కుల మీద వందలమంది రెయిలింగ్ పట్టుకుని, ఫోన్లు తీసి మీ పరుగు కోసమే చూస్తుంటారు. రేవు మీద పరుగెత్తేవాళ్లను చూసి చప్పట్లు కొట్టడం క్రూజుల్లో ఖర్చు లేని వినోదం.

డబ్బు లెక్క. ఓడ టూర్‌కు తలకింత, బయటి వ్యానుకు బండికింత. ఓడ టూర్ తలకు 100 యూరోలు, వ్యాను రోజుకు 500 అనుకుందాం. ఎనిమిదిమంది కుటుంబానికి వ్యాను చవక, ఇద్దరు దంపతులకు ఓడ టూర్ చవక. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే లెక్క కాబట్టి తిరగేయండి. కొత్త దంపతులు వ్యాను మాట్లాడుకోవాలి. అత్తమామలూ, వదినగారి పిల్లలూ కలిసి ఎనిమిదిమంది ఉంటే ఎనిమిది టికెట్లు కొనాలి. రెండు టూర్లూ నడిపేది చాలాచోట్ల ఆ ఊరి స్థానిక కంపెనీలే. ఓడ కంపెనీ మధ్యలో నిలబడి తన వాటా తీసుకుంటుంది, ఆ వాటాకు బదులుగా గడియారం బరువు తను మోస్తుంది. ఆ బరువు మోయాల్సిన అవసరమే లేని పెనాంగ్‌లో ఆ వాటా చెల్లించి, అవసరమైన రోమ్‌లో మిగుల్చుకున్నవాడే మన మార్గంలో సిద్ధుడు.

బయటి టూర్ అయితే, ఓడ ఆ రేవుకు రాకపోతే డబ్బు వెనక్కిస్తారా అని అడగకండి. గాలి ఎక్కువైతే ఓడలు రేవును దాటేసి వెళ్లిపోవడం మామూలే. అప్పుడు ఓడవాళ్లు తమ టూర్ డబ్బు వాళ్లంతట వాళ్లే తిరిగిస్తారు. పేరున్న బయటి సంస్థలు కూడా చాలావరకు ఇస్తాయి, ముందే రాతపూర్వకంగా చెబుతాయి. మీకు అలాంటి సంస్థ ఎందుకు? రేవు గేటు బయట ప్లాస్టిక్ అట్ట మీద ఫొటోలు పట్టుకుని ‘మై ఫ్రెండ్, ఇండియా? షారుఖ్ ఖాన్!’ అనే ఆయనే మీ మనిషి. బేరం దిగేటప్పుడు చేసుకోవచ్చు.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి మీతో ఉంటే ఓడవాళ్ల టూర్ జాబితాలో ఎక్కువ పేర్లున్నది వెతకండి. కొలోసియం, వాటికన్, ట్రెవి ఫౌంటెన్, స్పానిష్ మెట్లు, భోజనం, షాపింగ్ అన్నీ ఒకేరోజు. ‘పనోరమిక్’ అన్న మాట కనిపిస్తే మురిసిపోండి. అక్కడ బస్సు ఆగదని, కిటికీలోంచి చూసి తృప్తిపడాలని దాని భావం. ప్రతి టూర్ పక్కన నడక ఎంతో తెలిపే చిన్న బొమ్మలుంటాయి. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారికి అన్నిటికంటే కష్టమైన బొమ్మ ఉన్న టూర్ ఎంచండి. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిదలో పూడిపోయిన పాంపే వీధుల్లో పరిచిన రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, నీడ తక్కువ. జూలై మధ్యాహ్నం అనుకూలం.

సాంటోరినీలో సూర్యాస్తమయం చూసే తీరాలి. అక్కడ ఓడ ఒడ్డుకు రాదు, నీళ్లలోనే ఆగుతుంది, టెండర్ బోట్లలో జనాన్ని చేరవేస్తారు. ఓడ టూర్‌వాళ్లను మామూలుగా ముందు దింపి, అథీనియోస్ రేవు నుంచి బస్సులో కొండెక్కిస్తారు. సొంతంగా వెళ్లేవాళ్లు ఫిరా కింద పాత రేవులో దిగాలి. పైకి వెళ్లడానికి దారులు మూడే: కేబుల్ కారు, దాదాపు 600 మెట్లు, లేదా గాడిదలు. వంద కిలోలకు మించిన బరువు గాడిదలకెత్తకూడదని గ్రీస్ ప్రభుత్వం 2018లో నియమం పెట్టింది. పైనుంచి ఈయా ఊరు మరో పదకొండు కిలోమీటర్లు. సూర్యుడు పూర్తిగా మునిగేదాకా ఈయాలోనే ఉండండి. తర్వాత కిక్కిరిసిన బస్సులో ఫిరాకు వచ్చి కేబుల్ కారు వరసలో నిలబడండి. ఆ రోజు ద్వీపానికి వచ్చిన నాలుగైదు ఓడల జనమంతా మీ ముందే ఉంటారు. చివరి టెండర్ బోటు వేళ ఎంతో వాళ్లలో ఎవర్నయినా అడిగి తెలుసుకోవచ్చు.

టర్కీ రేవు కుషదాసీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. జనం చూడ్డానికి వెళ్లే పురాతన నగరం ఎఫెసస్ అక్కడికి ఇరవై కిలోమీటర్ల లోపే. ఓడ టూర్‌లో వెళ్లినా, సొంత వ్యానులో వెళ్లినా మధ్యాహ్నానికి తివాచీల దుకాణంలో తేలి యాపిల్ టీ తాగుతూ ఉంటారు. ఈ ఒక్క విషయంలో రెండు మార్గాలకూ తేడా లేదు.

మన పద్ధతి పనిచేస్తుందా అని శంకించేవారికి 2024 మార్చి చూపిస్తాను. కేప్‌టౌన్ నుంచి బార్సిలోనాకు వెళ్తున్న నార్వేజియన్ డాన్ ఓడ, భూమధ్యరేఖ దగ్గరి సావో తోమె ద్వీపంలో ఎనిమిదిమంది ప్రయాణికుల్ని వదిలేసి కదిలింది. వాళ్లు వెళ్లింది సొంతంగా మాట్లాడుకున్న టూర్‌లో. గడువు దాటి గంటకు పైగా ఆలస్యమయ్యారని కంపెనీ చెప్పింది. ఓడ అక్కడే కళ్లముందు లంగరేసి ఉంది. తీరరక్షక దళం పడవ వాళ్లను దాని పక్కదాకా తీసుకెళ్లింది కూడా. అయినా ఎక్కించుకోలేదు. ఓడను గాంబియాలో పట్టుకుందామని విమానాలు మారుతూ వెళ్లారు. ఓడ గాంబియాలో ఆగలేకపోయింది. అక్కణ్ణుంచి రోడ్డు మీద సెనెగల్ వెళ్లి, చివరికి డాకర్‌లో ఓడను కలుసుకున్నారు. డబ్బు పెట్టి కొన్న టూర్‌లో ఇన్ని దేశాలు ఎవరు చూపిస్తారు?

వాళ్ల విజయాన్ని మీరూ అందుకోవాలంటే దిగేముందు చేయాల్సినవి కొన్నున్నాయి. పాస్‌పోర్టులన్నీ కేబిన్ లాకర్‌లో పెట్టి తాళం వేయండి, నకలు కూడా తీసుకోకండి. గ్రీస్ నుంచి టర్కీ వెళ్లి మళ్లీ గ్రీస్ వచ్చే ఓడ అయినా సరే, షెంగెన్ వీసా ఒక్కసారి ప్రవేశానికే తీసుకోండి. ఇండియన్ పాస్‌పోర్టుతో కుషదాసీలో మిగిలిపోయినవాళ్లకు ఎయిర్‌పోర్టులో కావలసినంత తీరిక దొరుకుతుంది. రోజువారీ మందులు, ఫోన్ చార్జరు, క్రెడిట్ కార్డు కూడా లాకర్‌లోనే ఉంచండి. ఓడ తప్పిపోతే పిలవాల్సిన పోర్ట్ ఏజెంట్ ఫోన్ నంబరు రాత్రి కేబిన్‌లో పెట్టివెళ్లే కార్యక్రమాల కాగితం మీద ఉంటుంది, ఆల్ అబోర్డ్ వేళ కూడా దానిమీదే ఉంటుంది. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న టీ బల్ల కాలి కింద దోపి, గబగబా ఒడ్డుకు దిగండి.