కథకు కాపలా

ఫోనులో కోరినప్పుడు వినగల ధారావాహిక కార్యక్రమాలైన పాడ్‌కాస్ట్‌లలో పిల్లల అద్భుత కథలు వింటున్న గోదావరి పెద్దలు, రెక్కల గుర్రానికి మేత ఎవరు వేస్తారని, రాక్షసుడి ప్రాణం చిలకలో ఉంటే చిలక ప్రాణం ఎక్కడుంటుందని నిలదీసి, కథను ఒకటిన్నర రెట్ల వేగంతో ముగించి, ఇందులో నీతి ఏదని అడుగుతున్నారు. పక్కనున్న మనవడు మాత్రం మళ్లీ పెట్టమంటాడు. పాత కథల్లో ప్రశ్న తీరు వేరు: రాజమహేంద్రవరపు మధిర సుబ్బన్న దీక్షితులు 12 భాగాలుగా రచించిన కాశీమజిలీ కథలలో, దారిలో కనబడిన వింతల గురించి అడిగితే మజిలీలో కథ చెప్పాలన్న షరతు మీదనే పశులకాపరి కుర్రవాడు కాశీకి వెళ్తున్న మణిసిద్ధుడనే యతి వెంట నడిచాడు కనుక, ఊఁకొట్టేవాడి ప్రశ్న కథను పుట్టించేది. నేటి శ్రోత ప్రశ్న కథను ఆపడానికే పుడుతుంది. ఆపినవాడు రెండు నక్షత్రాల రేటింగుతో సరిపెట్టి, సాయంకాలం గోదావరి ఒడ్డున పుష్కర్ ఘాట్ మెట్ల మీద చేరి, ఈ కాలపు పిల్లలకు ఊహాశక్తి బొత్తిగా లేదని తీర్మానిస్తాడు.