రోకలి తలకు చుట్టండి

యూట్యూబులో ఓ వీడియో ఆర్నెల్లకోసారి కొత్త చొక్కా తొడుక్కుని వస్తుంది. ఎర్ర బాణం గుర్తు, మండుతున్న భూగోళం, బెదరగొట్టే గొంతు: ‘అమెరికా చేతిలో దేవుడి దండాలు! ఉపగ్రహం నుంచి ఒక్క టంగ్‌స్టన్ కడ్డీ వదిలితే చాలు, అణుబాంబంత దెబ్బ, రేడియేషన్ సున్నా!’ అణుబాంబు పిచ్చి కుదిరిందట, ఇక రోకలి తలకు చుట్టాలట.

రోకలి కథ పాతదే. 1950లలో బోయింగ్‌లో పనిచేస్తూ జెర్రీ పోర్నెల్ అల్లిన ఊహ ఇది. తర్వాత ఆయన సైన్స్ ఫిక్షన్ రచయితగా స్థిరపడ్డాడు, అదీ సబబే. 2003లో అమెరికా వైమానిక దళం భవిష్యత్ ప్రణాళికలోనూ ఈ కడ్డీల ముచ్చట వచ్చింది. 2013 నాటి ‘జి.ఐ. జో’ సినిమా అయితే ఒకే ఒక్క కడ్డీతో లండన్‌ను మట్టుబెట్టింది. మన వీడియో వీరుల ఫిజిక్సు చదువు ఆ సినిమాతోనే పూర్తయినట్టుంది.

‘వదిలితే చాలు’ అన్నారే, తిరకాసంతా అక్కడే. భూమికి దగ్గరి కక్ష్యలో ఉన్న వస్తువు సెకనుకు 7.8 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంటుంది. పట్టు వదిలినంత మాత్రాన కడ్డీ పడదు, ఉపగ్రహం పక్కనే దర్జాగా తిరుగుతుంది. దించాలంటే రాకెట్టు ఎదురు మండించి వేగం తగ్గించాలి. కాస్తే తగ్గిస్తే ఏటవాలుగా దిగి, దారి పొడుగునా గాలిని రాసుకుంటూ, వేగంలో చాలామటుకు వేడి కింద పోగొట్టుకుంటుంది. నిటారుగా దిగాలంటే బోలెడు వేగం చంపాలి, దానికి బోలెడు ఇంధనం కావాలి, ఆ ఇంధనాన్నీ మనమే పైకి మోయాలి. పైగా ఉపగ్రహం శత్రువు నెత్తిమీదికి వచ్చేదాకా యుద్ధం ఆగాలి. నేలమీది ఖండాంతర క్షిపణి అరగంటలో పని ముగించుకుంటుంది.

ఇక గురి సంగతి. దిగేటప్పుడు చుట్టూ కమ్మే ప్లాస్మా రేడియో సంకేతాలను అడ్డుకుంటుంది, మధ్యలో దారి సరిదిద్దడం కష్టం. 1979లో 77 టన్నుల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌ను సముద్రంలో పడేయాలని నాసా నానా తంటాలు పడింది. కొన్ని ముక్కలు వెళ్ళి ఆస్ట్రేలియాలో పడ్డాయి. అక్కడి ఎస్పెరాన్స్ స్థానిక పాలకులు చెత్త పడేసినందుకు 400 డాలర్ల జరిమానా రాశారు. మన పల్లెల్లో అప్పటికే అది నెత్తిన పడి ఎలాగూ చస్తామని కోళ్ళూ మేకలూ కోసుకు తిన్నారు. ఆ విందు భోజనాలే స్కైలాబ్ మనకు చేసిన ఉపకారం.

దెబ్బ మాటకొద్దాం. వీళ్ళు చెప్పే కడ్డీ ఇరవై అడుగుల పొడవు, అడుగు లావు, బరువు 8 టన్నుల పైమాటే. ధ్వనికి పది రెట్ల వేగంతో నేలను తాకినా, వెలువడే శక్తి పదకొండు, పన్నెండు టన్నుల టీఎన్‌టీకి సమానం. హిరోషిమా బాంబు 15,000 టన్నులు. దానితో తూగాలంటే సుమారు 1,300 కడ్డీలు కావాలి. ఫాల్కన్ 9 రాకెట్టుకు రెండేసి కడ్డీలు ఎక్కించినా 650 ప్రయోగాలు, ఒక్కోదానికి దాదాపు 7 కోట్ల డాలర్లు. కడ్డీని దించే రాకెట్టు బరువు ఇంకా కలపనేలేదు. 2017లో అఫ్గానిస్థాన్‌లోని నంగర్‌హార్‌లో ఇంచుమించు ఒక్క కడ్డీ అంత శక్తిగల బాంబును అమెరికా ఓ రవాణా విమానం వెనక తలుపు తీసి జారవిడిచింది.

కడ్డీలో పేలుడు మందు లేదు నిజమే. కానీ ఆ శక్తి అంతరిక్షంలో చెట్లకు కాయదు. రాకెట్టులో మనం కాల్చిన ఇంధనంలోంచి, దారి ఖర్చులు పోగా మిగిలిన చిల్లర అది. పోర్నెల్‌కు ఈ లెక్క తెలుసు కాబోలు. 1985లో లారీ నివెన్‌తో కలిసి రాసిన ‘ఫుట్‌ఫాల్’ నవలలో ఈ ఆయుధాన్ని ఏనుగుల్లాంటి గ్రహాంతరవాసుల చేతికిచ్చాడు. వాళ్ళు వచ్చిందే పైనుంచి, మోత కూలి మిగులు!

వీడియో చివర్లో ఓ గొప్ప రహస్యం చెబుతారు: 1967 అంతరిక్ష ఒప్పందం దీనికి అడ్డురాదట. ఆ ఒప్పందం కక్ష్యలో నిషేధించింది అణ్వాయుధాలనూ, ఇతర సామూహిక విధ్వంసక ఆయుధాలనూ. ఈ రోకలి నిజంగా అణుబాంబంత పని చేసేదైతే ఆ రెండో పద్దులో పడి నిషేధమవుతుంది. నిషేధం లేదంటే అంత పని చేయదనేగా? ఒకే వీడియోలో రెండూ ఎలా కుదురుతాయో, తర్వాతి భాగంలోనైనా చెప్పండి నాయనా.