గొట్టానికి ఆకుపచ్చ రంగు

కడుపులోకి గొట్టం దించి చూసే ఎండోస్కోపీ వల్ల భూగోళం వేడెక్కుతోందని యూరప్ జీర్ణకోశ ఎండోస్కోపీ సంఘానికి బెంగ పట్టుకుంది. అవసరం లేనివాళ్లకు గొట్టం వేయకండి, వాడి పారేసే సరుకు తగ్గించండి అని 2022లో వైద్యులకు హితవు చెప్పింది. ఆ పెద్దలు ఒకసారి మా కర్నూలు జిల్లా ఆదోని, ఎమ్మిగనూరు, కృష్ణగిరి వైపు వచ్చిపోవాల్సింది. అవసరం ఉన్నా గొట్టం వేయించుకోని మహానుభావులు ఇక్కడ ఊరూరా ఉన్నారు.

కడుపులో మంటొస్తే మజ్జిగ. తగ్గకపోతే మందులంగట్లో గ్యాస్ మాత్ర. అదీ పనిచేయకపోతే ఇంకో రంగు మాత్ర. సుగ్గికి, అంటే కూలి వలసకు, గుంటూరు మిరప చేలకు పోయేటప్పుడు బియ్యంతో పాటు ఆ మాత్రలూ మూటలో పడతాయి. నెత్తురు కక్కుకునేదాకా పరీక్ష ఊసే ఉండదు. ఇంతటి పర్యావరణ భక్తికి ఒక్క శాలువా కూడా కప్పలేదు మనవాళ్లు!

చేతిలో బీమా కార్డున్నవాడి కథ వేరు. రెండు తేన్పులొస్తే చాలు, "ఎందుకైనా మంచిది, చూసేద్దాం" అంటారు. నెల తిరక్కుండా ఇంకో ఆసుపత్రికి పోతే ఆ రిపోర్టు చెల్లదు, మళ్లీ గొట్టం. కడుపు ఒకటే, ఫొటోలు రెండు సెట్లు, చెత్తా రెండింతలు. అమెరికాలో రెండు ఆసుపత్రుల్లో చెత్త తూచి చూస్తే ఒక్కో పరీక్షకు దాదాపు 2 కిలోలు తేలింది.

పుండుకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ క్రిమి ఉందో లేదో మల పరీక్షతోనో, ఊపిరి పరీక్షతోనో తెలుసుకోవచ్చు. వయసు తక్కువై, ప్రమాద లక్షణాలు లేనివాళ్లలో చాలామందికి అది చాలు. కానీ అందులో తెర లేదు, రంగుల ఫొటో లేదు. రోగికి నమ్మకం కుదరదు, యజమానికి యంత్రం కంతు తీరదు.

ఒక్కసారే వాడాలని రాసున్న పనిముట్లను కడిగి మళ్లీ వాడటం మన దేశంలో పాత అలవాటే. సరిగ్గా శుద్ధి చేసి, బిల్లులో ప్రతిసారీ కొత్తదని రాయకుండా ఉంటే దాన్ని పొదుపు అనొచ్చు. ఇక 2016 ఆసుపత్రి వ్యర్థాల నిబంధనల పుణ్యమా అని పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాలు వరసగా నిలబడ్డాయి. చెత్త ఎత్తే ఆయమ్మకు చేతి తొడుగులు ఇవ్వని చోట కూడా రంగుల పాఠం మాత్రం తప్పదు.

ఫ్రాన్స్‌లో ఒక ఎండోస్కోపీ కేంద్రం లెక్క తీస్తే, కర్బన భారంలో 45 శాతం రాకపోకలదేనట. మనకు ఆదోని నుంచి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు. పరగడుపున రమ్మంటారు కాబట్టి చీకటితోనే బస్సెక్కాలి. తీరా ముక్క తీశాక, "బయాప్సీ రిపోర్టుకు వారం తర్వాత రాప్పా" అంటారు. డబ్బయితే ఫోనులో క్షణంలో పోతుంది, రిపోర్టు కోసం మాత్రం మనిషే కదలాలి!

అయ్యా, ఆ హెలికోబాక్టర్ మల పరీక్షను ఆదోని, ఎమ్మిగనూరు ప్రభుత్వాసుపత్రుల్లో ఎప్పుడు పోయినా చేసేలా చూడండి. మింగుడు పడనివాడికి, నెత్తురు పడేవాడికి, ఊరికే బరువు తగ్గేవాడికి వాయిదాలేయకుండా గొట్టం వేయండి. తేన్పులవాణ్ణి ఇంటికి పంపండి. రిపోర్టు ఫోనుకు పంపండి.

ఇదంతా కష్టమనుకుంటే ఆసుపత్రి గోడకు ఆకుపచ్చ రంగేసి ఫొటో దిగండి. యూరప్‌వాళ్లు ఎటూ చూడటానికి రారు.