కింబర్లీ పత్రమా, నీకు జోహార్లు!

కింబర్లీ ధ్రువపత్రమా, నీ పుట్టుకే గొప్పది! సియెర్రా లియోన్‌లో తిరుగుబాటుదారులు వజ్రాలమ్మి తుపాకులు కొన్నారు, పల్లెజనం చేతులు నరికారు. ఆ నెత్తుటి బేరం ఆపాలని 2000లో దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో మొదలైన చర్చల నుంచి నువ్వు పుట్టావు. 2003 జనవరి 1 నుంచి నువ్వు వెంట లేనిదే ముడి వజ్రం సభ్యదేశాల పొలిమేర దాటకూడదు. ఎంత అధికారం నీది!

నీ చూపు ఎంత నిశితం! తిరుగుబాటుదారు చేతిలోని రాయిని ఇట్టే పట్టేస్తావు. ప్రభుత్వమే తుపాకి పడితే మర్యాదగా తల వంచుకుంటావు. 2008లో జింబాబ్వేలోని మరాంగేలో, పొట్టకూటికి వజ్రాల మట్టి తవ్వుకుంటున్నవాళ్లను సైన్యం కాల్చి చంపింది. చనిపోయినవాళ్లు 200 మందికి పైనేనని హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ లెక్క తేల్చింది. చంపినవాళ్లు తిరుగుబాటుదారులు కారు గనుక ఏది నెత్తుటి వజ్రమో చెప్పే నీ నిర్వచనంలో ఆ చావులు ఇమడలేదు.

నీ క్షమాగుణం ఇంకా గొప్పది. మరాంగే ఎగుమతులను కొన్నాళ్లు ఆపించి, 2011 నవంబరులో మళ్లీ దారి వదిలావు. నీ పుట్టుక కోసం పోరాడిన గ్లోబల్ విట్‌నెస్ సంస్థ మరుసటి నెలలోనే నీ గడప దిగి వెళ్లిపోయింది. అందరూ ఒప్పుకుంటే తప్ప నువ్వు అడుగు వెయ్యవు. నింద పడ్డ దేశానికి సైతం తీర్పు చెప్పే పీట వేస్తావు. అంతటి సమదృష్టి మరెవరికుంది?

ఇక నీ వైరాగ్యం! రాయి సానచక్రం ఎక్కగానే దానితో బంధం తెంచుకుంటావు. ప్రపంచపు వజ్రాల్లో పదింట తొమ్మిదికి సానపట్టే సూరత్‌లో, వేర్వేరు గనుల రాళ్లు ఒకే పొట్లంలో కలుస్తాయి. పరిమాణాన్ని బట్టి, రంగును బట్టి, మెరుపును బట్టి వాటిని ఏరతారు. తవ్విన చేతులను బట్టి ఏరరు. ఆ తర్వాత కొనేవాళ్లకు మిగిలేది బిల్లు మీద అమ్మకందారు రాసిన హామీ ఒక్కటే.

నిన్ను చింపెయ్యమని ఎవరూ అనరు. నువ్వు లేని కాలం ఎంత ఘోరమో సియెర్రా లియోన్ చూసింది. నీ నిర్వచనం మారాలి. సైన్యం చేసినా, గని కాపలాదారు చేసినా హింసను హింసగానే లెక్కపెట్టాలి. నగల దుకాణం దాకా నువ్వు రాయి వెంట నడవాలి. అంతవరకు కొనేవాళ్లమైన మేము క్యారెట్ ధరతో ఆగకుండా, ఏ గనిది, ఎవరు తవ్వారు అని అడగాలి. రాతపూర్వకంగా జవాబివ్వని చోట కొనకుండా లేచి రావాలి.