చచ్చిన ప్రతివాడూ దురదృష్టవంతుడే!

నేలమాళిగ ఆటల్లో చచ్చినవాణ్ని ఎవణ్నైనా కదిపి చూడండి. "లక్ లేదు బ్రో" అంటాడు. "నాకు ఆట చేతకాలేదు" అన్నవాడు భూప్రపంచంలో ఒక్కడూ దొరకడు. కంప్యూటర్‌కి మాత్రం మొహమాటం ఉండదు కాబట్టి సమాధి రాయి మీద ఉన్నదున్నట్టు చెక్కేస్తుంది: ఫలానా వీరుడు, కదల్లేని స్థితిలో ఉండగా, న్యూట్ చేతిలో హతుడయ్యాడు. న్యూట్ అంటే చూడ్డానికి బల్లిపిల్లలా ఉండే జంతువు. ఆ ఆటలో అట్టడుగు శత్రువుల్లో అదొకటి. దాని కాటుకు పోయినవాడు కూడా గ్రహస్థితి గురించే మాట్లాడతాడు.

నేను చెబుతున్నది నెట్‌హాక్ సంగతి. ఈ వంశానికి మూలపురుషుడు 1980 నాటి 'రోగ్'. కాలిఫోర్నియాలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు. దాని పోలికతో 1982లో 'హాక్' వచ్చింది, దాన్ని పెంచి 1987లో నెట్‌హాక్ చేశారు. ఇందులో బొమ్మల ఆర్భాటం ఉండదు. అసలు రూపంలో మీరు ఒక ఎట్ గుర్తు, మీ కుక్క ఒక 'డి' అక్షరం, మిమ్మల్ని తినబోయేది ఇంకో అక్షరం. యాభై దాకా అంతస్తులు దిగి, యెండోర్ తాయెత్తు పట్టుకుని, మళ్లీ పైకెక్కి రావాలి. చస్తే చచ్చినట్టే. ఆటను సేవ్ చేసి లేవచ్చు గానీ, తిరిగి తెరవగానే ఆ ఫైలు చెరిగిపోతుంది. గుమ్మం దాటిన ప్రతిసారీ చెక్‌పాయింట్ ఇచ్చే ఆటలు మరిగినవాడికి ఇది పెద్ద అవమానం. ప్రాణం ఒక్కటేనట! రెండోది ఎక్కడ కొనాలో కూడా రాయలేదట!

లక్ అని ఊరికే అనేస్తారు గానీ, నెట్‌హాక్‌లో లక్ నిజంగానే ఒక అంకె. మామూలుగా కింద మైనస్ 10, పైన ప్లస్ 10. తెర మీద కనపడదు, చిత్రగుప్తుడి చిట్టాలా లోపల రాసుకుంటూ పోతుంది. అద్దం పగలగొట్టారా, రెండు కోత. సోకోబాన్ అంతస్తుల్లో బుర్ర పెట్టి బండలు నెట్టాల్సింది పోయి బండనే పగలగొట్టారా, ఒకటి. వెంట తిరిగే కుక్కపిల్లను నరికితే కోత, దారిన పోయే సాధుజీవిని పొడిచి చంపితే కోత. పోయిన లక్ 600 టర్న్‌లకు ఒకటి చొప్పున తాపీగా తిరిగొస్తుంది. మన వీరుడు కనపడ్డదాన్నల్లా నరికి, అద్దం విసిరికొట్టి, బండ బద్దలు చేసి, ఆనక ఆకాశం కేసి చూసి "లక్ లేదు" అంటాడు. నిజమే నాయనా, లేదు. నువ్వే ఖర్చు పెట్టావు.

మీ ప్రమేయం లేకుండా పడే కోత లేదా అంటే, ఉంది. ఆట మీ కంప్యూటర్ గడియారం చూస్తుంది. 13వ తేదీ శుక్రవారమైతే లక్ ఒకటి తగ్గిస్తుంది, ఆ పూట ప్రార్థన పారదు. పౌర్ణమి అయితే ఒకటి కలుపుతుంది. అమావాస్య రాత్రి జాగ్రత్త అని మొదటే హెచ్చరిస్తుంది. ఇంట్లో బామ్మ "రాహుకాలం వెళ్లాక బయల్దేరు" అంటే ముఖం చిట్లించే కుర్రాడు, ఆట తెరిచే ముందు పౌర్ణమి ఎప్పుడా అని క్యాలెండర్ తిరగేస్తాడు. మూఢనమ్మకం సముద్రం దాటి వస్తే దాన్ని ఫీచర్ అంటారు కాబోలు.

ఇక న్యూట్ కాటు కథ. పదమూడు వృత్తుల్లో కొత్తవాళ్లకు వాల్కిరీ మేలని ఎవరో చెబితే మనవాడు అదే ఎంచుకున్నాడు. అతడు చెవిన పెట్టిన సలహా అదొక్కటే. చేతిలో పొడుగు కత్తి, మరో బాకు, ఓ డాలు, పక్కన పిల్లికూన. ఒక గదిలో మూలగా నీలిరంగు 'ఇ' అక్షరం కనపడింది. ఉలకదు, పలకదు. సెమీకోలన్ నొక్కి ఆ అక్షరం మీద పెడితే అదేమిటో ఆటే చెబుతుంది. దానికి ఒక్క టర్న్ కూడా ఖర్చవదు. అయినా నొక్కడు. నొక్కితే తెలియదని ఒప్పుకున్నట్టవుతుందిగా! దిశ చూపే కీ నొక్కాడు. కత్తి దిగింది. కన్ను అతడి కేసి చూసింది. అంతే, వీరుడు కొయ్యబారిపోయాడు.

అది ఫ్లోటింగ్ ఐ, గాలిలో తేలే కన్ను. తనంతట తాను ఎవరి జోలికీ రాదు. దగ్గరికెళ్లి కొట్టినవాణ్ని మాత్రం 127 టర్న్‌ల దాకా బిగబట్టేస్తుంది. ఆ తీరిక చూసుకుని ఎక్కడి నుంచో న్యూట్ వచ్చింది. కొరికింది. కాసేపాగి మళ్లీ కొరికింది. కాటుకు పోయేది ఒకటో రెండో మూడో ప్రాణాలు, అంటే ఒంటి బలం లెక్కలో పాయింట్లు, కానీ చెయ్యి ఎత్తలేనివాడికి ఎంతని నిలుస్తాయి? అదే కన్నును నాలుగడుగుల దూరం నుంచి బాకులు విసిరి చంపి, తాజాగా ఉండగానే తింటే, కళ్లకు గంత కట్టుకున్నప్పుడు బుర్ర ఉన్న ప్రతి శత్రువు జాడా తెలిసే విద్య అబ్బుతుంది. అనుభవజ్ఞులు దానికోసం వెతుక్కుంటూ తిరుగుతారు. మనవాడు కాళ్ల దగ్గరికొచ్చిన వరాన్ని కత్తితో పొడిచి సమాధి కొనుక్కున్నాడు.

కన్ను విషయంలో ఆట హెచ్చరించలేదు, సరే. హెచ్చరించినప్పుడు విన్నాడా? సాధుజీవి మీద కత్తి ఎత్తితే "నిజంగానే కొడతావా?" అని అడుగుతుంది. కొడతాడు. కడుపు నిండాక కూడా మేస్తూ ఉంటే "మింగుడు పడటం కష్టంగా ఉంది, తినడం ఆపుతావా?" అని మర్యాదగా అడుగుతుంది. ఆపడు. పొలమారి చస్తాడు. నేలమాళిగలో రాక్షసుల మధ్య, కత్తి చేతిలో ఉండగా, అన్నం గొంతుకి అడ్డుపడి చచ్చిన వీరుణ్ని చూస్తే శత్రువులకే సిగ్గేస్తుంది.

తిండి అనగానే మరో మాట. చంపినదాన్ని వెంటనే తింటే బలం, తిరిగి తిరిగి వచ్చాక తింటే విషం. ఎన్నాళ్లయినా పాడవనివి లైకెన్, లిజార్డ్ లాంటి కొన్నే. కాకట్రైస్ అనే కోడిజాతి పీడను తిన్నా, చేతికి తొడుగు లేకుండా దాని శవాన్ని ముట్టినా రాయైపోతారు. కొత్తవాడు ముట్టుకుంటాడు, ఎందుకంటే అది అక్కడుంది.

దేవుణ్ని పిలవడానికీ ఒక పద్ధతి ఉంది. మొదటి 300 టర్న్‌లు ఆగాలి. ఒకసారి పిలిచాక మళ్లీ పిలవాలంటే వెయ్యి టర్న్‌ల విరామం ఇవ్వడం క్షేమం. ప్రాణం పూర్తి లెక్కలో ఏడో వంతు కన్నా తగ్గాలి, లేదా ఆరు లోపుకి పడిపోవాలి. ఆకలైతే సరిపోదు, నీరసించి 'వీక్' అని తెర మీద పడాలి. ఈ లెక్క తప్పకపోతే ఆ ప్రార్థన ఆటలోకెల్లా గొప్ప మందు, పైసా ఖర్చు లేనిది. మన వీరుడికి రెండే అలవాట్లు. ఒకటి, నలభై ప్రాణాల్లో ఇరవై పోగానే బెంబేలెత్తి దణ్ణం పెట్టేయడం. ఆపద లేకుండా, వేళ కాకుండా పిలిచినందుకు దేవుడికి కోపం వస్తుంది, లక్‌లో మూడు ఊడుతుంది. రెండు, నిజంగా మూడు ప్రాణాలు మిగిలినప్పుడు దేవుడనేవాడు ఉన్నాడని మరిచిపోయి "ఇంకొక్క దెబ్బ వేస్తే చచ్చేలా ఉంది" అని కత్తి ఊపడం. చచ్చేలా ఉన్నది ఎవరో అతడికి చివరిదాకా బోధపడదు.

గనుల్లోకి దిగినప్పుడు ఈ రెండో అలవాటే కొంప ముంచుతుంది. రెండు నుంచి నాలుగో అంతస్తు మధ్య ఎక్కడో నోమ్‌ల గనులకు దారి చీలుతుంది. నోమ్‌లు పిపీలికాలే, వాళ్లతో తిరిగే డ్వార్ఫ్‌లు కావు. వాళ్ల చేతిలోని మ్యాటక్ (గుద్దలి లాంటి ఆయుధం) రెండు మూడు దెబ్బలకే కొత్తవాణ్ని ముగిస్తుంది. సొరంగం ఇరుకులో నిలబడితే ఒక్కొక్కడే వస్తాడు. గది గుమ్మంలో నిలబడితే ఏటవాలుగా ఎవడూ రాలేడు. మెట్ల మీద నిలబడితే పారిపోయే దారి కాళ్ల కిందే ఉంటుంది. మన వీరుడు మాత్రం నట్టనడి మైదానంలో ఎనిమిది దిక్కులా ఎనిమిది మందికి దర్శనమిస్తాడు. అసలు మొదట్లోనే వాల్కిరీని డ్వార్ఫ్ జాతిలో ఎంచుకుని ఉంటే ఆ గనుల్లో చాలామంది పలకరించి పక్కకు తప్పుకునేవారు. కానీ తెర మీద వీరుడు పొట్టిగా ఉంటే పరువు పోదూ? కనపడేది ఎట్ గుర్తేనన్నది వేరే సంగతి.

అన్యాయం చేయకూడదు, సీనియర్లకూ నాలుగు అక్షింతలు వేయాలి. వాళ్ల ఆస్థాన సలహా 'ఎల్బరెత్'. టోల్కీన్ కథల్లోని ఆ పేరును వేలితో దుమ్ములో రాసి దాని మీద నిలబడితే చాలా జంతువులు దగ్గరికి రావు. అయితే నెట్‌హాక్ 3.4.3 వచ్చింది 2003లో, ఆ తర్వాతి 3.6.0 వచ్చింది 2015లో. పన్నెండేళ్లు మారని ఆటను వల్లెవేసిన పెద్దలు, అది మారిందన్న కబురు ఇంకా అందనట్టే చెబుతారు: "ఎల్బరెత్ రాసి, దాని మీద నిలబడి, హాయిగా నరుకుతూ పో." ఇప్పుడు అక్కడ నిలబడి కత్తి ఊపితే రాత చెరిగిపోతుంది. మనుషులూ మినోటార్‌లూ దాన్ని అప్పుడూ లెక్కచేయలేదు, ఇప్పుడూ చేయరు. ఇదేదీ చెప్పకుండా సలహా ఇచ్చి, కుర్రాడు చచ్చాక "రూల్స్ చదువుకోవాలి తమ్ముడూ" అంటారు. మరి చదువుకుంటూ కనపడితే "అన్నీ ముందే చదివేస్తే మజా ఏముంటుంది?" అని వాళ్లే వెక్కిరిస్తారు. తాము పడ్డ గోతిలో పక్కవాడు పడుతుంటే చూడ్డమే వాళ్లకు మిగిలిన వినోదం.

ఒక్క విషయంలో మాత్రం వాళ్ల మాట వినండి. గనుల మధ్య మైన్‌టౌన్‌లో దీపాల కొట్టు నడిపే ఇజ్చాక్ మీద చెయ్యి చేసుకోవద్దు. ఆట తొలినాటి రూపకర్తల్లో ఒకడైన ఇజ్చాక్ మిల్లర్ జ్ఞాపకార్థం ఆ పేరు పెట్టారు. గౌరవం సంగతి అటుంచినా, ఏ కొట్టు యజమానైనా మిమ్మల్ని మడిచి జేబులో పెట్టుకోగలడు. కొట్టేయాలనే అంత దురద ఉంటే మీ పిల్లికి అప్పగించండి. అది సరుకు నోట కరుచుకుని గుమ్మం దాటిస్తే ఆ వస్తువు మీదే, అడిగేవాడు లేడు.

ఇక మరో ఆటలో, గనుల్లో డ్వార్ఫ్ దెబ్బకు పడిన మనవాడి చివరి ఘట్టం. చచ్చాక ఆట ఒక ప్రశ్న అడుగుతుంది: నీ సామాన్లేమిటో తెలుసుకుంటావా? ఔనన్నాడు. జాబితా విచ్చుకుంది. పేరు తెలియని ఆ కాగితపు చుట్ట టెలిపోర్టేషన్, చదివి ఉంటే అంతస్తులో ఇంకెక్కడో తేలేవాడు. "తర్వాత చూద్దాం" అని దాచిన సీసాలు రెండూ ప్రాణం పోసే మందులే. మొదటి అంతస్తు నుంచీ మోసుకొచ్చిన ఆ కర్ర నేలను తవ్వే మంత్రదండం. దొరికిన రోజునే దాంతో నేల మీద ఒక్క గీత గీసి ఉంటే దాని పేరు బయటపడేది. ఎనిమిది మంది చుట్టుముట్టినప్పుడు కిందికి ఒక్కసారి ప్రయోగిస్తే కాళ్ల కింద కన్నం పడి, కింది అంతస్తులోకి జారిపోయేవాడు.

అంతా చదివాడు. వాల్కిరీ తనకు అచ్చిరాదని తేల్చుకుని, ఈసారి టూరిస్టుగా దిగాడు. హవాయి చొక్కా, ఖరీదైన కెమెరా, సంచినిండా బంగారం. ఆ చొక్కా చూసి కొట్టువాడు ప్రతి వస్తువుకీ మూడో వంతు ధర పెంచి చెబుతున్నాడు. మనవాడు బేరమాడకుండా కొంటున్నాడు.