గైర్హాజరు

మూడో మీటింగుకూ ఆమె రాలేదు.

హెడ్మాస్టరు హాజరు పుస్తకం తిరగేసి చూశారు. నాలుగో తరగతి తల్లిదండ్రుల తరఫున కమిటీలో ముగ్గురు సభ్యులు. ఇద్దరి సంతకాలు ఉన్నాయి. మూడో పేరు పక్కన జూలైలో ఖాళీ, ఆగస్టులో ఖాళీ, ఇప్పుడు సెప్టెంబరులోనూ ఖాళీయే.

తాండూరులో పాలిషింగ్ యూనిట్ల వరస దాటాక వచ్చే సర్కారు ప్రాథమిక పాఠశాల అది. ఐదు తరగతులు, వందలోపు పిల్లలు. వాళ్ల తండ్రులు గనుల్లో నాపరాయి తీస్తారు. తల్లులు యూనిట్లలో బండలు మోస్తారు, కందుల కాలం వస్తే పప్పు మిల్లులకు పోతారు. తాండూరు అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేవి ఇళ్లలో పరిచే నీలి బండ, 2022లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న కంది. ఆ రెండింటినీ మోసి మోసి కాయలు కాసిన చేతులవాళ్ల పిల్లలే ఈ బడిలో చదువుతారు.

ఆ చేతులవాళ్లకే బడి బాగోగులు అప్పగించాలని చట్టం చెబుతుంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సర్కారు బడికి ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో నాలుగింట మూడు వంతుల మంది అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రులే కావాలి. మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. పేద, వెనకబడిన కుటుంబాలకు వాళ్ల సంఖ్యను బట్టి చోటు దక్కాలి. తెలంగాణలో తరగతికి ముగ్గురి చొప్పున తల్లిదండ్రులే ఎన్నుకుంటారు. బడి ఎట్లా నడుస్తుందో చూసుకోవడం, వచ్చిన గ్రాంటు దేనికి ఖర్చవుతుందో కనిపెట్టి ఉండటం, బడికి రేపు ఏం కావాలో ప్రణాళిక రాయడం వీళ్ల పని. జీతం లేదు, భత్యం లేదు. ఇష్టంతో చేయాల్సిన పని. ఈ దేశంలో రాసుకున్న మంచి నిబంధనల్లో ఇదొకటని నేను గట్టిగా నమ్ముతాను. తట్ట మోసే తల్లి కూడా హెడ్మాస్టరు ఎదురుగా కుర్చీలో కూర్చుని 'మా పిల్లల బడికి ఇది కావాలె' అని అడిగే హక్కు దానివల్ల వచ్చింది.

2019 తర్వాత మళ్లీ 2024 జనవరి 29న రాష్ట్రమంతా ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. సోమవారం, పని దినం. ఆమె ఆ రోజు కూలి పోగొట్టుకుని బడికి వచ్చింది. అప్పటికి ఆమె బిడ్డ మూడో తరగతి. ఆ తరగతి నుంచి ఎవరు నిలబడతారని అడిగితే వచ్చిన తల్లులంతా ఆమె వైపే చూశారు. "ఆమె ఐదు దాంక చదివింది, నదురు బెదురు లేకుంట మాట్లాడ్తది" అన్నారు. చేతులు లేచాయి. సంతకం పెట్టి, మళ్లీ ఎప్పుడు రావాలో అడిగి, తెలుసుకుని వెళ్లింది.

ఆ వేసవి సెలవులయ్యాక టీచర్ల బదిలీలు జరిగాయి. హెడ్మాస్టరు మారారు. కొత్త సారుకు ఆమె హాజరు పుస్తకంలో ఒక పేరు మాత్రమే. మొహం తెలియదు.

కమిటీలో అందరికంటే ఎక్కువ తిరిగింది పెద్దసారు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన మనవలెవరూ ఈ బడిలో లేరు. బడి మీద మమకారం ఉన్న ఊరి పెద్దలను కూడా కమిటీ తనలో చేర్చుకోవచ్చు కాబట్టి ఆయనను తీసుకున్నారు. చిన్నప్పుడు తాను సర్కారు బడిలోనే చదివానని, ఆ రుణం తీరేది కాదని అంటుండేవారు. అన్నమాట నిలబెట్టుకున్న మనిషి. 2016 అక్టోబరులో వికారాబాద్ జిల్లా అయ్యాక జిల్లా ఆఫీసుల కోసం హైదరాబాద్ దాకా పోయే బాధ తాండూరుకు తప్పింది. అయినా వికారాబాద్ నలభై కిలోమీటర్లు. ఎన్నో సోమవారాలు ఆయన సొంత డబ్బుతో రైలెక్కి, కలెక్టరేట్‌లో ప్రజావాణికి అర్జీ పట్టుకుని వెళ్లారు. బడికి నల్లా వచ్చింది ఆయన కాళ్ల అరుగుదలతోనే. ఆడపిల్లల టాయిలెట్‌కు తలుపు వచ్చిందీ అట్లాగే.

సమగ్ర శిక్ష కింద ఈ పాటి పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చే గ్రాంటు 25 వేలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిన్న చిన్న మరమ్మతులు అన్నీ అందులోనే. హెడ్మాస్టరు గది పక్కనున్న పాత తరగతి గదికి కొత్తగా గచ్చు వేయడానికి అది ఎక్కడ సరిపోతుంది? గచ్చు పగిలి, గుంతలు పడి, వానొస్తే చెమ్మ పైకొచ్చేది. పిల్లలు గోనెపట్టాలు పరుచుకుని కూర్చునేవాళ్లు. పెద్దసారు ఒక యూనిట్ యజమానిని పట్టుకుని బండలు ఇప్పించారు. ఇంకో ఇద్దరు దాతల దగ్గర కూలి డబ్బులు పోగుచేశారు. మేస్త్రిని కుదిర్చారు.

పని మొదలైంది కానీ ముందుకు సాగలేదు. మేస్త్రి పొద్దున కూలీలను దింపి, మధ్యాహ్నానికి ఇంకో ఇంటి పనికి తీసుకుపోయేవాడు. గది తవ్వి వదిలేయడంతో రెండు తరగతుల పిల్లలు వరండాలో ఇరుక్కుని కూర్చున్నారు. సెప్టెంబరులో వికారాబాద్ నుంచి అధికారులు చూడటానికి వస్తారని కబురు అందింది. ఆగస్టు మీటింగులో పెద్దసారుకు కోపం ఆగలేదు. "పిల్లలు వరండాల వానకు తడుస్తున్నరు. ఇట్లయితే పని అయ్యేటట్టు లేదు. గట్టిగ రాసిద్దాం" అని చెప్పి తీర్మానం రాయించారు. గచ్చు పని పూర్తయ్యే వరకు పని వేళల్లో ఏ ఒక్క కూలీనీ గంట సేపు కూడా బయటికి వదలకూడదు, వదిలితే ఆ రోజు కూలి ఇవ్వబడదు. అందరూ సంతకాలు చేశారు. నకలు మేస్త్రి చేతికి ఇచ్చారు. అప్పటి నుంచి పని చురుకందుకుంది.

ఇప్పుడు సెప్టెంబరు మీటింగు. శనివారం, మధ్యాహ్నం మూడు గంటలు. పక్క గదిలో బండలు కోసే మిషన్ మోత. తెల్లటి దుమ్ము కిటికీలోంచి లోపలికి వస్తుంటే ఛైర్మన్ అక్క లేచి కిటికీ రెక్కలు మూసింది. ఆమె ఒక తల్లే. ఇంట్లో మిషన్ మీద బట్టలు కుట్టుకుంటుంది.

మొదటి విషయం బండల గురించే. గదిలోపల పాలిష్ బండ వేస్తున్నారు. మిగిలిన బండలు వరండాలో కూడా పరిచేయవచ్చా అన్నది ప్రశ్న. "వరండాల వానజల్లు కొడ్తది గద, నున్నటి బండ అయితే పోరగాళ్లు జారి పడరా?" అని ఒక తండ్రి సందేహం. "గరుకు బండ ఏస్తే అరికాళ్లకు గుచ్చుకోదా?" అని ఇంకొకరు. నీళ్లు పోవడానికి వాటం ఎటు పెట్టాలి, తలుపు వైపా, వాకిలి వైపా అనే దాని మీద మరికాసేపు మాట్లాడుకున్నారు. బండల పని తెలిసినవాళ్లు అక్కడ ఎవరూ లేరు. చివరికి "ఎవరన్నా తెలిసినోళ్లను అడుగుదాం" అని ఆ విషయం వాయిదా వేశారు.

రెండోది హాజరు.

"మూడు నెలల్నుంచి ఈమె జాడ లేదు" అన్నారు పెద్దసారు. "చీటీ పంపలేదా సార్?"

"పిల్ల చేతికే ఇచ్చి పంపినం సార్, మూడు సార్లు" అన్నారు హెడ్మాస్టరు.

పెద్దసారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ ఉంది. "ఈ కమిటీ ఎవరి కోసం సార్? వాళ్ల కోసమే. మనమందరం పనులు మానుకుని వచ్చి కూర్చుంటున్నం. నా పిల్లలు ఈడ లేరు, అయినా వస్తున్న. కన్నతల్లికి నెలకొక్క గంట లేదా? రాసుకోండి. పిల్లల చదువు మీద శ్రద్ధ లేనందున ఆమెకు బదులుగా వేరొకరిని తీసుకోవాలని మండల ఆఫీసుకు రాద్దాం."

ఒకరిద్దరు తలూపారు. ఒకరు "వీళ్లింతే సార్" అన్నారు. హెడ్మాస్టరు తీర్మానాల పుస్తకం తెరిచి తేదీ వేశారు. 'పిల్లల చదువు పట్ల శ్రద్ధ లేనందున' అనేదాకా రాశారు.

ఛైర్మన్ అక్క కదిలింది. "సార్, పేరు రాసేటందుకు ముందు ఒక్కసారి అడుగుదాం. బిడ్డ నాలుగో తరగతిల ఉన్నది గద. పంపిద్దాం. ఏడ ఉన్నా పిల్చుకొస్తది. వస్తే సరే, రాకుంటే రాద్దాం."

అందరికీ సబబే అనిపించింది. పిల్లను పిలిపించారు. తొమ్మిదేళ్ల పిల్ల, రెండు జడలు, చేతికి సుద్ద అంటుకుని ఉంది. ఇంతమంది పెద్దవాళ్లను చూసి గడప దగ్గరే ఆగిపోయింది.

"మీ అమ్మ పనికి పోయిందా?" అని అడిగారు హెడ్మాస్టరు.

"పోయింది సార్."

"ఉరికి పోయి పిల్చుకరా. కమిటీ సార్లు రమ్మంటున్నరని చెప్పు. దూరమైతే ఇంకొకరిని తోలుకపో."

పిల్ల తలూపి పరుగెత్తింది. హెడ్మాస్టరు కూర్చున్నచోటి నుంచి బడి గేటు కనిపిస్తుంది. పిల్ల రోడ్డు దాటేటప్పుడు లారీలు వస్తాయేమోనని ఆయన అటే చూస్తూ ఉన్నారు. పిల్ల గేటు వైపు రాలేదు.

పక్క గదిలో మిషన్ మోత ఆగిపోయింది.

మరుక్షణం గడపలో ఒక మనిషి నిలబడింది. ముక్కుకూ నోటికీ చుట్టుకున్న తువాలను కిందికి లాగింది. వెంట్రుకలు, కనురెప్పలు, కొంగు అన్నీ రాతిపొడితో తెల్లగా ఉన్నాయి. చేతులకు సిమెంటు మాలు ఎండి పొరలు కట్టింది. కొంగు పట్టుకుని పక్కనే బిడ్డ.

"కూసో అమ్మా" అన్నది ఛైర్మన్ అక్క, కుర్చీ జరుపుతూ.

"వద్దక్కా, కుర్చీ ఖరాబైతది" అని గోడ పక్కన నిలబడింది. పెద్దసారు వైపు తిరిగి చేతులు జోడించింది. "తప్పుగ అనుకోకుర్రి సారూ. మొదలు రెండు మీటింగులకు యూనిట్ల ఉంటి. ఆడ సగం పూట లేసి వస్తే దినం కూలి కట్ చేస్తరు. అందుకే బడిల బండల పని పడ్డదని తెలిసి, మేస్త్రిని బతిమాలి ఈడ చేరిన. యూనిట్ కన్న కూలి తక్కువనే. మీటింగ్ నాడు లోపలికి వచ్చి మీతోని కూసుండొచ్చు గద అనుకున్న. వరండాకు పాలిష్ బండ ఎయ్యొద్దని గూడ చెప్దామనుకున్న సారూ. తడి తగిల్తే పిల్లలు జారి పడ్తరు."

ఎవరూ మాట్లాడలేదు. పెద్దసారే గొంతు సవరించుకుని అడిగారు. "మరి ఇంత దగ్గర ఉండి, పక్క గదిలోంచి ఇక్కడికి ఎందుకు రాలేదమ్మా?"

"మూడు కొట్టంగనే అడిగిన సారూ. మేస్త్రి ఇడ్వలే. పని అయ్యేదాంక ఒక్క కూలిమనిషిని గూడ గంటసేపు బయటికి ఇడ్వొద్దని కమిటీ తీర్మానం రాసిచ్చిందట గదా."